నా బండికి కాలొచ్చింది!

పల్సర్ మీద తిరిగిన ఓ మేడ్చల్ కుర్రాడు మూడు చక్రాల స్కూటర్‌కి ఎలా మారాడు? ఏం పోయింది, ఏం దొరికింది? అతని మాటల్లోనే...

బైక్ నడపడానికి కాళ్ల పని ఎంతో ఎప్పుడైనా ఆలోచించారా? పెద్దగా ఏం ఉండదు. ఎడమ కాలు గేర్లకు, కుడి కాలు వెనక బ్రేకుకు. మిగతాదంతా చేతులే చూసుకుంటాయి. గేర్లు లేని స్కూటర్ అయితే కాళ్లకు ఆ పని కూడా లేదు, రెండు బ్రేకులూ హ్యాండిల్ మీదే ఉంటాయి.

మరి కాలు ఎందుకు? ఆగడానికి!

సిగ్నల్ పడగానే, ముందు ఆటో సడెన్‌గా ఆగగానే, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చెయ్యెత్తగానే మనకు తెలీకుండానే ఓ కాలు కిందికి దిగుతుంది. దాదాపు 150 కిలోల బండి పక్కకు ఒరిగిపోకుండా ఆ ఒక్క కాలే ఆపుతుంది. రోజుకు వంద సార్లు చేసే పని. ఒక్కసారి కూడా గుర్తుండదు.

నాకు గుర్తుండాల్సి వచ్చింది. 24 ఏళ్ల వయసులో, మేడ్చల్ దగ్గర నేషనల్ హైవే 44 మీద, రాంగ్ సైడ్‌లో వచ్చిన లారీ నా బైక్‌ని గుద్దింది. ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆ లారీ గొడవ, కేసు సంగతులు ఇక్కడ వద్దు. ఆ తర్వాత మళ్లీ రోడ్డెక్కడానికి నేను ఏం చేశానో అదే చెప్తా. ఎందుకంటే ఈ విషయం మీద మన తెలుగులో వెతికితే నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. దొరికినవన్నీ ‘అయ్యో పాపం’ వీడియోలే.

రెండు హైవేల మధ్య ఇరుక్కుపోయా

మా ఇల్లు మేడ్చల్ పాత ఊళ్లో. ఉద్యోగం శామీర్‌పేట దాటాక తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీలో ఒక ఫార్మా ల్యాబ్‌లో. మ్యాప్ తీసి చూడండి. మేడ్చల్ నాగ్‌పూర్ హైవే మీద ఉంటుంది. శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంటుంది. సిటీ లోపలికి వెళ్లాలంటే రెండు చోట్లా బస్సులు దొరుకుతాయి. కానీ ఒక హైవే నుంచి ఇంకో హైవేకి అడ్డంగా వెళ్లాలంటే? సొంత బండి ఉండాల్సిందే. లేదంటే రెండు మూడు ఆటోలు మారాలి.

158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఈ రెంటినీ కలుపుతూనే పోతుంది. కానీ దాని మెయిన్ రోడ్డు మీదికి బైకుల్నీ ఆటోల్నీ రానివ్వరు. మనకు పక్కనుండే సర్వీస్ రోడ్డే దిక్కు. నేనూ దాని మీదే వెళ్లేవాణ్ని. కండ్లకోయ దగ్గర ఎక్కితే, అటు శామీర్‌పేట దాకా.

కృత్రిమ కాలు పెట్టించుకుని, నడక నేర్చుకుని ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసొచ్చింది. షేర్ ఆటోలో ఎక్కాలంటే ముందు కాలు మడవాలి. నా మోకాలు నేను చెప్పినట్టు మడుచుకోదు. వెనక నుంచి జనం తొందర పెడతారు. దాంతో నాన్నే దింపేవాడు. పొద్దున ఆయన పని మానుకుని నన్ను దింపాలి. సాయంత్రం తమ్ముడు కాలేజీ నుంచి నేరుగా వచ్చి నన్ను తీసుకెళ్లాలి.

‘‘నేను దింపుత గదరా, నీకేమైతది?’’ అనేవాడు నాన్న. నిజమే, ఆయనకు బరువు కాదు. కానీ 24 ఏళ్లవాడు ఆదివారం పూట శామీర్‌పేట చెరువు దగ్గరికి ఫ్రెండ్స్‌ని కలవడానికి వెళ్లాలన్నా ఇంట్లో పర్మిషన్ కాదు, డ్రైవర్‌ని అడగాలి. అడగడం ఇష్టంలేక నేను వెళ్లడమే మానేశా. ‘‘వస్తున్నావా?’’ అని ఫ్రెండ్స్ పెట్టే మెసేజ్‌లకు ‘‘పనుంది మామా’’ అని కొట్టేవాణ్ని. ఏ పనీ లేదు.

ల్యాబ్‌లో షిఫ్టులు మారతాయి. రాత్రి షిఫ్ట్ పడితే తెల్లారుజామున నన్ను తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు నిద్ర లేవాలి. ఇలా ఎన్నాళ్లు? ఉద్యోగం మానేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. చేతులు బాగున్నాయి, బుర్ర బాగుంది, పని వచ్చు. వెళ్లే దారే లేదు.

కుడి కాలు ఉంది కదా, అది చాలదా?

నేనూ అదే అనుకున్నా. కుడి కాలు నిక్షేపంగా ఉంది. గేర్లు లేని స్కూటర్ తీసుకుని, ఆగినప్పుడల్లా కుడి కాలు దించితే సరిపోతుంది కదా? కాలనీ గ్రౌండ్‌లో తమ్ముడు పక్కన నిలబడగా ప్రయత్నించా. చదునుగా ఉన్నచోట పర్లేదనిపించింది. రోడ్డు మీదికి రాగానే అసలు విషయం అర్థమైంది.

మన రోడ్లు పూర్తిగా చదునుగా ఉండవు. వాన నీళ్లు నిలవకుండా మధ్యలో కాస్త ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం. అంటే ఆగిన బండి సహజంగానే ఎడమకి ఒరుగుతుంది. నాకు లేనిది ఆ కాలే! కృత్రిమ కాలు దించితే బరువు పడగానే మోకాలు దగ్గర టక్కున మడుచుకుంటుంది. మోకాలి కింద కాలు పోయినవాళ్లలో కొందరు మామూలు బండ్లు నడపగలుగుతారు, ఎందుకంటే వాళ్ల మోకాలు వాళ్లదే. పైదాకా పోతే లెక్క వేరు.

కారు? ఎడమ కాలు లేకపోయినా ఆటోమేటిక్ కారు నడపొచ్చు, అందులో క్లచ్ ఉండదు కాబట్టి. కానీ ఆ డబ్బు మా ఇంట్లో లేదు. ఉన్నా, మా గల్లీలో కారు తిరగదు. అలా మూడో చక్రం దగ్గరికి వచ్చా.

మూడా? నాలుగా?

మన దగ్గర అందరూ దీన్ని ‘మూడు చక్రాల బండి’ అంటారు, లేదంటే ‘సైడ్ వీల్స్ బండి’. నిజానికి వెనక పక్కల నుంచి లెక్కపెడితే నాలుగు! మామూలు స్కూటర్‌కి ముందొకటి, వెనకొకటి ఉంటాయి కదా. వెనక చక్రానికి రెండు పక్కలా ఇనప ఫ్రేమ్‌తో ఇంకో రెండు చిన్న చక్రాలు బిగిస్తారు. వాటికి సొంత స్ప్రింగులు ఉంటాయి. ఇంజిన్ తిప్పేది మాత్రం మధ్య చక్రాన్నే. ఇంకో రకంలో మధ్య చక్రం తీసేసి, ఆటోకి ఉన్నట్టు వెనక రెండు చక్రాలే పెడతారు. అది అసలైన ట్రైక్. మన దగ్గర ఎక్కువగా కనిపించేది మొదటి రకమే, ఎందుకంటే అవసరం తీరాక విప్పేసి స్కూటర్‌ని మళ్లీ మామూలుగా చేసుకోవచ్చు, ఖర్చు కూడా తక్కువ.

నేను కూడా మొదటి రకమే పెట్టించా. సెకండ్ హ్యాండ్ స్కూటర్, దానికి సైడ్ వీల్స్ కిట్, చంకకర్ర పెట్టుకోవడానికి పక్కన ఒక క్లిప్పు. వీలైతే రివర్స్ గేర్ కూడా పెట్టించుకోండి, ఇది నా గట్టి సలహా. మామూలు స్కూటర్‌ని మనం కాళ్లతో తోసుకుంటూ వెనక్కి తీస్తాం. సైడ్ వీల్స్ పెట్టాక బరువు పెరుగుతుంది, తోయడానికి కాలు ఉండదు. పార్కింగ్‌లో ముక్కు గోడకి పెట్టి ఆపామంటే ఎవరో ఒకర్ని పిలవాల్సిందే. ఎవర్నీ పిలవకూడదనే కదా ఈ బండి కొనుక్కున్నది!

‘ఆటో లెక్క తోలు తమ్మీ!’

ఎనిమిదేళ్లు బైక్ నడిపినవాడికి ఇదేం లెక్క అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. బైక్ బాగా వచ్చినవాళ్లకే ఇది ఎక్కువ కష్టం.

బైక్ మీద మలుపు తిరగాలంటే మనం హ్యాండిల్ తిప్పం, ఒంటిని వాలుస్తాం. ఇంకా గమనిస్తే ఒక విచిత్రం ఉంది. వేగంగా వెళ్తూ ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెడతాం, అంటే హ్యాండిల్ ఒక్క క్షణం కుడికి తిరుగుతుంది. దాంతో బండి ఎడమకి వాలుతుంది, వాలిన వైపు మలుపు తిరుగుతుంది. సైకిల్ నేర్చుకున్నప్పటి నుంచీ మన చేతులకు ఇది అలవాటు. ఎవరూ చెప్పరు, మనకూ తెలీదు.

సైడ్ వీల్స్ పెట్టిన బండి వాలదు. కాబట్టి ఎడమకి వెళ్లాలంటే ఎడమకే తిప్పాలి. మొదటి రోజు నా బుర్ర ఎడమ అంటుంది, చేతులు పాత అలవాటు ప్రకారం ఎడమ హ్యాండిల్‌ని నెడతాయి, బండేమో తాపీగా కుడికి పోతుంది!

మా వీధి చివర ఉండే ఆటో అన్న ఇది చూసి నవ్వాపుకోలేకపోయాడు. ‘‘అట్ల గాదు తమ్మీ! బైకు అనుకోకు, ఆటో లెక్క తోలు. మూల మీదికి రాకముందే స్పీడు తగ్గించు. తిరిగేటప్పుడు బ్రేకు ముట్టకు. తిరిగినంక గుంజు,’’ అన్నాడు. నాలుగు ముక్కల్లో మొత్తం సైన్సు చెప్పేశాడని తర్వాత చదివితే అర్థమైంది.

అదేంటంటే, ముందొక చక్రం, వెనక రెండు. ఈ మూడింటినీ కలిపి గీత గీస్తే త్రికోణం వస్తుంది. మన బరువు ఆ త్రికోణం లోపల ఉన్నంతసేపు బండి పడదు. మలుపులో బరువు బయటివైపుకి నెట్టినట్టవుతుంది. బ్రేక్ కొడితే ముందుకి జరుగుతుంది. రెండూ ఒకేసారి జరిగాయంటే బరువంతా త్రికోణం కొనవైపు, అంటే వెడల్పు తక్కువగా ఉన్నచోటికి వచ్చేస్తుంది. బండి బోల్తా పడుతుంది. మలుపుల్లో ఆటోలు తిరగబడేది ఎక్కువగా ఇలాగే. అందుకే మలుపుకి ముందే బ్రేక్, మలుపులో వద్దు.

ఒంటిని వాడుకోవచ్చు. ఎడమకి తిరిగేటప్పుడు నడుము పైభాగాన్ని ఎడమకి వంచితే బరువు లోపలికి వస్తుంది. బైక్ వాలదు, మనమే వాలాలి.

ఇంకొన్ని నేను రోడ్డు మీద నేర్చుకున్నవి:

గుంతలు: బైక్‌కి ఒకటే దారి, గుంతని తప్పించొచ్చు. ఈ బండికి మూడు దార్లు. మధ్య చక్రం తప్పించుకుంటే పక్క చక్రం అందులో పడుతుంది. తప్పించడం కన్నా మెల్లగా దాటడమే నయం.

రోడ్డు అంచు: సర్వీస్ రోడ్ల మీద చాలా చోట్ల తారు అంచుకీ, పక్కనున్న మట్టికీ మధ్య ఎత్తు తేడా ఉంటుంది. ఎడమ పక్క చక్రం కిందికి జారిందంటే బండి మొత్తం ఒరుగుతుంది. అంచుకి కాస్త దూరంగా ఉండండి.

వాలు: ఇందాక చెప్పిన రోడ్డు వాలుకి బండి ఎప్పుడూ ఎడమకి లాగుతుంటుంది. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటే భుజాలు నొప్పెడతాయి. వారం పది రోజులు ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

మధ్య చక్రం గాల్లో తేలడం: గేటు ముందు కాలువ మీద వేసిన ర్యాంపుల దగ్గర పక్క చక్రాలు ఎత్తు మీద, మధ్య చక్రం పల్లంలో ఉంటే అది నేలకి అందదు. యాక్సిలేటర్ ఇస్తే ఉత్తినే తిరుగుతుంది. అలాంటి చోట నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఎక్కిస్తే సరి.

సందులు: రెండు కార్ల మధ్య నుంచి దూరిపోయే రోజులు అయిపోయాయి. సుచిత్ర, కొంపల్లి ట్రాఫిక్‌లో ఇప్పుడు నేను కూడా కారులాగే లైన్లో ఉంటా. ఒకటి ఒప్పుకోవాలి, టెన్షన్ తగ్గింది.

లాభాలూ ఉన్నాయి. ఇసుక మీద, వాన నీళ్లలో బైక్ జారుతుందన్న భయం ఇక్కడ చాలా తక్కువ. సిగ్నల్ దగ్గర రెండు చేతులూ వదిలేసి హాయిగా కూర్చుంటా. పక్కనున్న బైక్ వాళ్లంతా ఒంటికాలి మీద కొంగల్లా నిలబడి ఉంటారు. నేను మాత్రం సోఫాలో కూర్చున్నట్టు!

‘హ్యాండీక్యాప్ బండి’ అంటే సిగ్గా?

దాచడం ఎందుకు, మొదట్లో నాకు సిగ్గే అనిపించింది. పల్సర్ మీద తిరిగినవాణ్ని. ఆ సైడ్ వీల్స్ చూడగానే చిన్నపిల్లల సైకిల్ గుర్తొచ్చేది. రోడ్డు మీద జనం ముందు బండిని చూస్తారు, తర్వాత కాలుని, ఆ తర్వాతే మొహాన్ని. ఆ వరస మారదు.

కానీ చదివేకొద్దీ ఒకటి తెలిసింది, మూడు చక్రాలు తక్కువేం కాదు. ప్రపంచంలో తొలి కారుగా అందరూ చెప్పే కార్ల్ బెంజ్ బండికి ఉన్నవి మూడే చక్రాలు. దానికి ఆయన 1886 జనవరిలో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని అలాంటి మూడు చక్రాల బండి మీదే వంద కిలోమీటర్లకు పైగా వెళ్లి పుట్టింటికి చేరింది. మన ఆటోకి పెద్దన్న లాంటి పియాజియో ‘ఆపే’ 1948లో ఇటలీలో పుట్టింది, స్కూటర్‌కి వెనక రెండు చక్రాలు పెట్టే దాన్ని తయారుచేశారు.

మరి బైక్ పిచ్చోళ్ల దేవుడు హార్లే డేవిడ్సన్ సంగతి? వాళ్లు 1932లోనే ‘సర్వి కార్’ అనే మూడు చక్రాల బండి తెచ్చి, 1970ల దాకా అమ్మారు. అమెరికాలో పోలీసులు పార్కింగ్ డ్యూటీకి దాన్ని వాడేవాళ్లు. 2009 మోడల్‌గా ‘ట్రై గ్లైడ్’ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో అంత బరువైన బండిని ఆపలేకపోయినా రైడింగ్ మానడం ఇష్టంలేని పెద్దవాళ్లు ఇలాంటివి కొంటారు. కెనడాకు చెందిన ‘క్యాన్ యామ్ స్పైడర్’కి ముందు రెండు, వెనక ఒకటి. ఇందాకటి త్రికోణాన్ని తిప్పి పెట్టారన్నమాట. బ్రేక్ కొట్టినప్పుడు బరువు వెడల్పు ఉన్న వైపుకే వెళ్తుంది. 2006లో వచ్చిన పియాజియో ‘ఎంపీ3’ ఇంకో అడుగు ముందుకేసింది. ముందు రెండు చక్రాలున్నా మామూలు స్కూటర్‌లాగే మలుపుల్లో వాలుతుంది.

లక్షలు పోసి వాళ్లు కొనేదీ, నేను షెడ్డులో బిగించుకున్నదీ చేసే పని ఒకటే. ఆగినప్పుడు బండి తన కాళ్ల మీద తనే నిలబడుతుంది. అది తెలిశాక సిగ్గు పోయింది. ఇప్పుడు ఎవరైనా పిల్లలు ‘‘అన్నా, ఇది మూడు చక్రాల బండా, నాలుగు చక్రాల బండా?’’ అని అడిగితే, వెనక్కి వెళ్లి లెక్కపెట్టుకోమంటా.

కాగితాలు పక్కాగా ఉండాలి

చాలామంది ఇక్కడ నిర్లక్ష్యం చేస్తారు. సైడ్ వీల్స్ బిగించేసి, పాత ఆర్సీతోనే తిరుగుతుంటారు. అది సరికాదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కానీ వైకల్యం ఉన్నవాళ్ల కోసం చేసే మార్పుకి అదే చట్టం దారి చూపించింది. రవాణా శాఖ అనుమతి తీసుకుని మార్పించుకోవచ్చు, ఆ మార్పుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. అనుమతి లేకుండా మార్పులు చేస్తే సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ పడొచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది ఇన్సూరెన్స్. ఆర్సీలో లేని మార్పుతో ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. మనలాంటివాళ్లకు ఇంకోసారి అలాంటి దెబ్బ తట్టుకునే ఓపిక ఉండదు. కాబట్టి పాలసీ ఇచ్చినవాళ్లకి ముందే రాసివ్వండి.

లైసెన్స్ కూడా మారాలి. మామూలు బైక్ లైసెన్స్ ఉంది కదా అని ఊరుకోకూడదు. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఒకప్పుడు చట్టంలో ఈ బండి పేరు ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’. ఇన్‌వాలిడ్ అంటే ఇంగ్లిష్‌లో రోగి అని ఒక అర్థం, చెల్లనిది అని ఇంకో అర్థం. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ మాట తీసేసి ‘అడాప్టెడ్ వెహికిల్’ అని పెట్టారు. అంటే అవసరానికి తగ్గట్టు మార్చుకున్న బండి. చిన్న మాటే కావచ్చు. కానీ జేబులో పెట్టుకుని తిరిగే కార్డు మీద ఏం రాసుందన్నది చిన్న విషయం కాదు.

సర్టిఫికెట్ లేకుండా ఇవేవీ కదలవు. మన దగ్గర సదరం క్యాంపుల్లో వైకల్య శాతం తేల్చేవాళ్లు, ఇప్పుడు దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఎక్కువ ప్రయోజనాలకు 40 శాతం అనేది గీత. సొంతంగా కొనలేనివాళ్లు తెలంగాణ వికలాంగుల సహకార సంస్థ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి. సైడ్ వీల్స్ బిగించిన స్కూటర్లని ఆ సంస్థ ఇస్తుంటుంది. స్కూటర్ వద్దనుకునేవాళ్లకు కాన్పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసే బ్యాటరీ ట్రైసైకిల్ ఇంకో దారి.

బండి ఆగింది, మరి నేను దిగేదెలా?

మా మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబర్‌లో ఏర్పడింది. కొత్త కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో 2022లో తెరుచుకుంది. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలన్నా, ఇంకో పని ఉన్నా జిల్లావాళ్లంతా అక్కడికే వెళ్లాలి. మేడ్చల్ నుంచి అక్కడికి నేను మొదటిసారి ఒక్కణ్నే వెళ్లిన రోజు సాయంత్రం అమ్మ అడిగింది, ‘‘ఎవరు తీసుకపోయిండ్రు బిడ్డా?’’ అని. ‘‘నేనే పోయిన’’ అన్నా. రెండే మాటలు. అవి అనడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

కానీ బండి ఒక్కటే చాలదు. ఇప్పుడు కొత్త చోటికి వెళ్తే నా కళ్లు ముందు వెతికేది బోర్డు కాదు, ర్యాంపు. షాపింగ్ మాల్‌లో టూ వీలర్ పార్కింగ్ సెల్లార్‌లో ఉంటుంది. నిటారుగా దిగాలి, లోపల బైకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నా బండి వెడల్పు అక్కడ పట్టదు. పైన కార్ల దగ్గర పెడితే ‘‘ఇక్కడ బైకులు పెట్టొద్దు’’ అంటారు. ఇది బైకూ కాదు, కారూ కాదు, ఆటో అంతకన్నా కాదు. దీనికి చోటే లేదు.

ఈ విషయంలో మన శామీర్‌పేట పేరు దేశంలో పెద్ద కోర్టు దాకా వెళ్లిందని ఎంతమందికి తెలుసు? ఇక్కడున్న నల్సార్ లా యూనివర్సిటీలో దివ్యాంగుల హక్కుల మీద పనిచేసే ఓ కేంద్రం ఉంది. దేశంలో బిల్డింగులు, రోడ్లు, బస్సులు దివ్యాంగులకు ఎంతవరకు అందుబాటులో ఉన్నాయో చూసి రిపోర్ట్ ఇవ్వమని సుప్రీంకోర్టు ఆ కేంద్రాన్ని అడిగింది. ఆ రిపోర్ట్ ఆధారంగానే రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. ర్యాంపులు, లిఫ్టులు వంటి ఏర్పాట్ల ప్రమాణాలు ‘పాటిస్తే మంచిది’ అన్నట్టు ఉంటే కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు వేరుగా తేవాలని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

నేను రోజూ ఆఫీసుకు ఆ ఊరి మీదుగానే వెళ్తా. దేశమంతటికీ ర్యాంపు కావాలని లెక్కలు తీసింది మన పక్కూరి యూనివర్సిటీనే అని గుర్తొస్తే ఏదో ధైర్యం.

నన్ను అందరూ అడిగేవి

స్పీడ్ ఎంత వెళ్తుంది? ఇంజిన్ అదే కాబట్టి వెళ్లగలదు. కానీ వెళ్లకూడదు. నేను 40 దాటను. మేడ్చల్ నుంచి తుర్కపల్లికి ఇదివరకటి కన్నా పావుగంట ఎక్కువ పడుతుంది. పావుగంట ముందు బయల్దేరతా.

మైలేజ్? బరువు, చక్రాల రాపిడి పెరుగుతాయి కాబట్టి కాస్త తగ్గుతుంది. పక్క చక్రాల్లో గాలి రెండూ సమానంగా ఉందో లేదో వారానికోసారి చూసుకోండి. ఒకదాంట్లో తగ్గితే బండి ఒక పక్కకి లాగేస్తుంది.

హెల్మెట్ కావాలా? పడిపోదు కదా అని కొందరు మానేస్తారు. బండి తనంతట తాను పడదు. కానీ లారీకి మన చక్రాలెన్నో లెక్క ఉండదు. పెట్టుకోవాల్సిందే.

వెనక ఎవరైనా కూర్చోవచ్చా? కూర్చోవచ్చు. బరువు వెనక్కి వెళ్తే బండి ఇంకాస్త నిలకడగా ఉంటుంది కూడా. కాకపోతే మలుపులో వాళ్లు బయటివైపుకి వాలకుండా ముందే చెప్పండి. నా వెనక ఇప్పుడు ఎక్కువగా కూర్చునేది నాన్నే. మోకాళ్లు నొప్పులని ఈమధ్య బైక్ తీయడం తగ్గించాడు. మేడ్చల్ మార్కెట్‌కి నేనే దింపుతున్నా.

మళ్లీ బైక్ నడపాలని లేదా? ఉంది. రాత్రిపూట ఖాళీ సర్వీస్ రోడ్డు మీద ఎవరైనా మలుపులో బండిని వాల్చి వెళ్తుంటే చూస్తూ ఉండిపోతా. ఆ వాలడం మూడు చక్రాల మీద రాదు, వస్తుందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్తున్నట్టే. అది పోయింది. కానీ వాలడం కోసం బైక్ కావాలి. వెళ్లడానికి ఏ బండైనా చాలు. పోయిన ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర ఫ్రెండ్స్ అందరికన్నా ముందు నేనే చేరా. వాళ్లకు మెసేజ్ కూడా నేనే పెట్టా: ‘‘వస్తున్నారా, లేదా?’’